పెద్దవాళ్ళకు యాంటీబయాటిక్ మందులు – కుటుంబ సభ్యులు తెలుసుకోవలసిన సంగతులు

(వృద్ధాశ్రమాల్లో ఉంటున్న పెద్దల కుటుంబ సభ్యులకు మురమళ్ళలో చేసిన ప్రసంగ పాఠం)



మురమళ్ళ అనగానే దూరప్రాంతాల వారికి వీరేశ్వరస్వామి వారి గుడి, అక్కడ జరిగే నిత్య కళ్యాణాలు గుర్తుకొస్తాయి. మనకు మాత్రం ఈ ఊరు, ఈ వృద్ధ గౌతమి గట్టు, కొబ్బరి తోటలు, వాటి మధ్య ఒంటరిగా మిగిలిపోయిన పెద్దవాళ్ళ ఇళ్ళు కూడా గుర్తుకొస్తాయి. మన కోనసీమలో ఏ వీధికి వెళ్ళినా కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిచేస్తున్న కొడుకో కూతురో ఉన్న ఇల్లు కనబడుతుంది. అమెరికాలో, హైదరాబాదులో స్థిరపడిన పిల్లలున్న ఇళ్ళు కూడా తక్కువేమీ కావు. అమ్మానాన్నలను ఒంటరిగా వదలలేక, తమతో తీసుకుపోలేక, వృద్ధాశ్రమంలో చేర్చినవారు మీలో చాలామంది ఉన్నారు. అందుకు మీరు ఎంత బాధపడి ఉంటారో నాకు తెలుసు. ఆ సంగతి మీద ఎవరినీ తప్పుపట్టడానికి నేను ఇక్కడ నిలబడలేదు.

ఈ రోజు ఒకే విషయం చెబుతాను. ఆశ్రమంలో ఉన్న మన పెద్దవాళ్ళకు వేసే యాంటీబయాటిక్ మందులు ఎప్పుడు ప్రాణం కాపాడతాయి, ఎప్పుడు హాని చేస్తాయి, అందులో కుటుంబ సభ్యులుగా మీ పాత్ర ఏమిటి. "అది డాక్టరుగారు చూసుకునే సంగతి కదా, మాకెందుకు?" అని మీరు అడగవచ్చు. డాక్టరుగారు రాస్తారు, నిజమే. కాని చాలాసార్లు ఆ మందు రాయించేది మన భయం, మన తొందర, మన ఫోను.

ఒక మామ్మగారి సంగతి

కొన్నేళ్ళ క్రితం నేను ఒక వృద్ధాశ్రమంలో పనిచేసేటప్పుడు ఎనభై దాటిన ఒక మామ్మగారు ఉండేవారు. కొడుకు గల్ఫ్‌లో. వారానికి రెండుసార్లు తప్పకుండా ఫోన్ చేసేవాడు. ఒకరోజు ఆయా వచ్చి, "సిస్టరమ్మా, మామ్మగారి మూత్రం బాగా వాసన వస్తోందండి, రంగు కూడా ముదురుగా ఉంది" అని చెప్పింది. నేను వెంటనే మూత్రం పరీక్షకు పంపించాను. రిపోర్టులో చీము కణాలు ఉన్నాయని వచ్చింది. అబ్బాయికి చెబితే, "ఖర్చుకు చూడకండి సిస్టర్, మంచి పవరున్న మందు వేయించండి" అన్నాడు. ఐదు రోజులు మాత్రలు వేశాము. నెలన్నర తిరగకముందే మళ్ళీ వాసన, మళ్ళీ పరీక్ష, మళ్ళీ మాత్రలు. ఆరు నెలల్లో మూడుసార్లు అలా జరిగింది. మూడోసారి మాత్రలతో ఆమెకు విరేచనాలు పట్టుకుని మనిషి చిక్కిపోయింది.

ఆ తరువాత కొన్నాళ్ళకు నిజమైన జబ్బు వచ్చింది. ఒళ్ళంతా వణికించే చలి, జ్వరం, నడుము పక్కన నొప్పి. ఈసారి మాత్రలు ఏమీ పనిచేయలేదు. పెద్ద ఆసుపత్రికి తీసుకువెళితే కల్చర్ పరీక్ష చేశారు. ఆ కాగితంలో ఒక్కొక్క మందు పేరు ఎదుట నిరోధకం, నిరోధకం అని వరుసగా ఉంది. చివరన ఒకటి రెండు ఖరీదైన సూదిమందులు మాత్రమే మిగిలాయి. పది రోజులు సెలైన్‌లో ఆ మందు ఎక్కించారు. ప్రాణం దక్కింది. కాని వెళ్ళేముందు కర్ర పట్టుకుని నడిచే మామ్మగారు తిరిగి వచ్చాక మంచం దిగలేదు.

ఆ అబ్బాయి మమ్మల్ని ఒక్కమాట అనలేదండి. నేనే లెక్కలు వేసుకున్నాను. ఆ మూడుసార్లలో ఒక్కసారైనా, "మామ్మగారూ, మూత్రానికి వెళ్ళినప్పుడు మంటగా ఉందా?" అని మేము ఎవరమూ అడగలేదు. మంట లేదు, జ్వరం లేదు. ఉన్నది వాసన ఒక్కటే. ఆ వాసన ఎందుకో తరువాత ఆమే చెప్పింది. రాత్రిపూట ఆయాను లేపి బాత్రూముకు తీసుకువెళ్ళమనడానికి మొహమాటపడి, సాయంత్రం నుంచి మంచినీళ్ళు తాగడం మానేసేదట. ఆమెకు కావలసింది ఒక చెంబు నీళ్ళు, "లేపండి మామ్మగారూ, నాకేం కష్టం లేదు" అనే ఒక మాట. మేము ఇచ్చింది మూడు కోర్సుల యాంటీబయాటిక్. ఈ ప్రసంగం చేయమని పెద్దలు అడిగినప్పుడు నాకు ముందుగా ఆమే గుర్తుకొచ్చింది.

యాంటీబయాటిక్ అంటే ఏమిటి?

మనకు జబ్బు చేసే సూక్ష్మజీవుల్లో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. బాక్టీరియా ఒకటి, వైరస్ ఒకటి. యాంటీబయాటిక్ మందులు బాక్టీరియా మీదే పనిచేస్తాయి. వైరస్ మీద పనిచేయవు. జలుబు, మామూలు గొంతునొప్పుల్లో ఎక్కువ భాగం, ఫ్లూ, డెంగ్యూ, చికెన్‌గున్యా, కోవిడ్ ఇవన్నీ వైరస్ వల్ల వచ్చేవి. 2020, 2021 సంవత్సరాల్లో కోవిడ్ వచ్చిన చాలా ఇళ్ళల్లో అజిత్రోమైసిన్ మాత్రలు మింగారు, మీకు గుర్తుండే ఉంటుంది. కోవిడ్ వైరస్‌కు ఆ మందు పనిచేయదని తరువాత జరిగిన పరీక్షల్లో స్పష్టంగా తేలింది.

ఈ మందులు దేవుడు మనుషుల జ్ఞానం ద్వారా ఇచ్చిన గొప్ప వరం అని నేను నమ్ముతాను. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్ కనుగొన్నారు. ఆ వరంలో మన గోదావరి బిడ్డకు కూడా భాగముంది. భీమవరంలో పుట్టి రాజమండ్రిలో చదువుకున్న డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లే సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న రోజుల్లోనే, అక్కడ బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రవేత్త ఆరియోమైసిన్ కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అది మొదటిది. 1948లో అది లోకానికి అందింది. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు కన్నుమూశారు.

అయితే ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకున్న సందర్భంలోనే ఒక హెచ్చరిక చేశారు. చాలీచాలని మోతాదులో ఈ మందు వాడితే సూక్ష్మజీవులు దానికి లొంగకుండా తయారవుతాయని చెప్పారు. అదే ఇప్పుడు మన కళ్ళముందు జరుగుతోంది.

మందుకు లొంగని సూక్ష్మజీవులు

మీలో రైతులున్నారు. వరిలో దోమపోటుకు ఒకే మందు ఏళ్ళ తరబడి కొడితే ఏమవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. బలహీనమైన పురుగు చస్తుంది, తట్టుకున్నది మిగిలి పిల్లలు పెడుతుంది, చివరకు ఆ మందు పనిచేయదు. మన ఒంట్లోనూ అంతే. యాంటీబయాటిక్ వేసిన ప్రతిసారీ లొంగే బాక్టీరియా చనిపోతుంది, లొంగనిది మిగులుతుంది. మన పేగుల్లో మనకు మేలు చేసే బాక్టీరియా కూడా ఉంటుంది. దానిలో చాలా భాగం ఆ దెబ్బకు పోతుంది. అక్కడ ఖాళీ అయిన చోటును లొంగని బాక్టీరియా ఆక్రమిస్తుంది.

ఇది ఒక్కరితో ఆగే సంగతి కాదు. ఆశ్రమంలో పదిమంది ఒకే గదిలో పడుకుంటారు. ఒకే ఆయా ఒకరి తరువాత ఒకరికి బట్టలు మారుస్తుంది, మూత్రం సంచి ఖాళీ చేస్తుంది, అన్నం తినిపిస్తుంది. చేతులు సరిగా కడుక్కోకపోతే ఒక మంచం మీది సూక్ష్మజీవి పక్క మంచానికి వెళుతుంది. అందుకే ఒక పెద్దాయనకు అనవసరంగా వేసిన మందు, ఆ మందు ఎన్నడూ మింగని పక్క మంచం మామ్మగారికి కూడా నష్టం చేయగలదు.

ప్రపంచ లెక్కలు ఒకసారి చూడండి. 1990 నుంచి 2021 వరకు జరిగిన మరణాలను పరిశీలించి శాస్త్రవేత్తలు 2024లో ఒక పెద్ద నివేదిక ప్రచురించారు. మందులకు లొంగని బాక్టీరియా వల్ల జరిగే మరణాలు ఐదేళ్ళలోపు పిల్లల్లో సగానికి పైగా తగ్గాయి. డెబ్భై ఏళ్ళు దాటినవారిలో మాత్రం 80 శాతానికి పైగా పెరిగాయి. అంటే ఈ దెబ్బ ముందుగా తగిలేది మన అమ్మానాన్నలకే.

అమెరికాలో నర్సింగ్ హోమ్ అంటే వృద్ధులు ఉండే చోటు. మన దగ్గర ఆ మాటకు చిన్న ప్రైవేటు ఆసుపత్రి అని అర్థం కాబట్టి నేను వృద్ధాశ్రమం అనే అంటాను. అక్కడి ప్రభుత్వ వ్యాధి నివారణ సంస్థ చెప్పిన లెక్క ప్రకారం, అలాంటి చోట్ల ఉండేవారిలో 70 శాతం వరకు ఒక సంవత్సరంలో కనీసం ఒకసారి యాంటీబయాటిక్ తీసుకుంటారు. వేసిన వాటిలో 40 నుంచి 75 శాతం వరకు అనవసరమో, సరికాని విధంగా వేసినవో కావచ్చు. డాక్టర్లు, లాబొరేటరీలు, చట్టాలు అన్నీ గట్టిగా ఉన్న దేశంలో సంగతి ఇది. చీటీ లేకుండా షాపులో మాత్ర దొరికే మన దగ్గర ఎంత జాగ్రత్త అవసరమో మీరే ఆలోచించండి.

మూత్రంలో బాక్టీరియా ఉంటే జబ్బు ఉన్నట్టేనా?

కాదు. ఈ ఒక్క సంగతి ఇంటికి తీసుకువెళితే నా ప్రసంగానికి ఫలితం దక్కినట్టే.

వయసు మళ్ళినవారిలో, ముఖ్యంగా ఆశ్రమాల్లో ఉండేవారిలో, మూత్రంలో బాక్టీరియా ఏ బాధా పెట్టకుండా ఊరికే ఉండిపోవడం చాలా మామూలు. అక్కడి ఆడవారిలో పాతిక నుంచి యాభై శాతం మందికి అలా ఉంటుంది. మూత్రం గొట్టం చాలా రోజులుగా ఉన్నవారిలో దాదాపు అందరికీ ఉంటుంది. వీరి మూత్రం పరీక్షకు పంపితే ఏదో ఒకటి కనబడక మానదు. బాధ లేనప్పుడు దానికి మందు వేయడం వల్ల మేలు లేదని, హాని ఉందని పరిశోధనలు తేల్చాయి.

మూత్రం వాసన రావడం, రంగు ముదరడం జబ్బుకు గుర్తు కాదు. నీళ్ళు చాలకపోయినా, కొన్ని మందుల వల్ల కూడా అలా అవుతుంది. ముందు నీళ్ళు పట్టించి, ఒకటి రెండు రోజులు జాగ్రత్తగా కనిపెట్టి చూడాలి.

మరి జబ్బు అని ఎప్పుడు అనుమానించాలి? కొత్తగా మూత్రంలో మంట వచ్చినప్పుడు. జ్వరంతోపాటు మాటిమాటికి మూత్రం రావడం, ఆపుకోలేకపోవడం, పొత్తికడుపు నొప్పి, నడుము పక్కన నొప్పి, మూత్రంలో రక్తం వంటివి కనిపించినప్పుడు. గొట్టం ఉన్నవారికైతే జ్వరం, ఒళ్ళు వణికే చలి, నడుము పక్క నొప్పి, ఉన్నట్టుండి మాట తడబడి మనుషులను గుర్తుపట్టలేకపోవడం వచ్చినప్పుడు. అప్పుడు పరీక్ష చేయించాలి, డాక్టరుగారు చెబితే మందు వేయాలి.

ఇలా గుర్తులు చూసి మందు వేసే పద్ధతిని కెనడా, అమెరికా దేశాల్లోని 24 వృద్ధాశ్రమాల్లో పరీక్షించి 2005లో ఫలితాలు ప్రకటించారు. మూత్రనాళ జబ్బు అనే అనుమానంతో వేసే యాంటీబయాటిక్ తగ్గింది. అలా తగ్గించినందువల్ల ఆసుపత్రి పాలైనవారు గాని, చనిపోయినవారు గాని చెప్పుకోదగినంత పెరగలేదు. "మందు వేయకపోతే ఏమైపోతారో" అని భయపడేవారికి ఈ మాట ధైర్యం ఇస్తుందని చెబుతున్నాను.

"అమ్మ ఏదేదో మాట్లాడుతోంది సిస్టర్"

పెద్దవాళ్ళు ఉన్నట్టుండి పొంతన లేని మాటలు మాట్లాడటాన్ని మనవాళ్ళు సంధి అంటారు. వెంటనే "యూరిన్ ఇన్ఫెక్షన్ అయి ఉంటుంది" అని మందు వేసేస్తారు. సంధి తేలికగా తీసుకోవలసింది కాదు, తప్పకుండా డాక్టరుకు చూపించాలి. కాని దానికి కారణాలు చాలా ఉంటాయి. ఒంట్లో నీరు తగ్గడం, నాలుగైదు రోజులుగా విరేచనం కాకపోవడం, మూత్రం బిగబట్టడం, షుగరు పడిపోవడం, ఉప్పు శాతం తగ్గడం, కొత్తగా వేసిన నిద్రమాత్ర, ఎక్కడో పడి తలకు దెబ్బ తగలడం, నొప్పి, పక్షవాతం. కళ్ళజోడు పోయినా, మంచం మార్చినా తికమక పడేవారున్నారు. ఇవన్నీ చూడకుండా యాంటీబయాటిక్ వేస్తే అసలు కారణం అలాగే ఉండిపోతుంది.

దగ్గు సంగతి కూడా అంతే. జలుబుతో వచ్చిన దగ్గు రెండు మూడు వారాలు ఉండవచ్చు. కళ్ళె పసుపుపచ్చగా వచ్చినంత మాత్రాన యాంటీబయాటిక్ కావాలని కాదు. అయితే రెండు వారాలు దాటిన దగ్గు, బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం ఉంటే కళ్ళె పరీక్ష చేయించి క్షయ ఉందేమో చూడాలి. లెవోఫ్లోక్సాసిన్ వంటి కొన్ని మందులు క్షయను కొన్నాళ్ళు కప్పిపెడతాయి. రోగి కుదుటపడ్డట్టు కనిపిస్తాడు, లోపల జబ్బు ముదురుతుంది, పక్క మంచాలకు పాకుతుంది.

ముసలి ఒంటికి ఈ మందులు చేసే హాని

వయసుతోపాటు మూత్రపిండాల శక్తి తగ్గుతుంది. ముప్ఫై ఏళ్ళవారికి సరిపోయే మోతాదు ఎనభై ఏళ్ళవారి ఒంట్లో పేరుకుపోవచ్చు. అందుకే రక్తంలో క్రియాటినిన్ చూసి మోతాదు నిర్ణయిస్తారు. అమికాసిన్ వంటి సూదిమందులు మూత్రపిండాలను, వినికిడిని దెబ్బతీయగలవు.

సిప్రోఫ్లోక్సాసిన్, లెవోఫ్లోక్సాసిన్ మందులు షుగరు మాత్రలు వాడేవారిలో షుగరు ఒక్కసారిగా పడిపోయేలా చేయవచ్చు. మతి తడబడవచ్చు. అరవై దాటినవారిలో మడమ వెనుక ఉండే స్నాయువు తెగే ప్రమాదం ఉంది. ఈ మందులను పాలతో, గ్యాస్ మందులతో కలిపి ఇస్తే ఒంటికి సరిగా పట్టవు.

మన కోనసీమ వాళ్ళు ఒక సంగతి ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. కోట్రైమాక్సజోల్ అనే మందు రక్తంలో పొటాషియం పెంచుతుంది. కొన్ని బి.పి. మాత్రలూ పెంచుతాయి. కిడ్నీ బలహీనంగా ఉన్నవారికి ఇవి రెండూ వేస్తూ, "నీరసంగా ఉన్నారు, వేడి చేసింది" అని రోజుకు రెండు మూడు కొబ్బరి బొండాలు తాగిస్తే పొటాషియం ఇంకా పెరిగి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. బొండం మంచిదే. కాని కిడ్నీ జబ్బు ఉన్నవారికి డాక్టరును అడిగే ఇవ్వండి.

రక్తం పలుచబడే మాత్రలు వాడేవారికి మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్ వంటివి తోడైతే రక్తస్రావం కావచ్చు. ఇక ఏ యాంటీబయాటిక్ అయినా విరేచనాలు తేవచ్చు. మేలు చేసే బాక్టీరియా పోయిన పేగులో ప్రమాదకరమైన బాక్టీరియా పెరిగి, పెద్దవాళ్ళకు ప్రాణం మీదికి రావచ్చు. మందు మొదలుపెట్టాక గాని, ఆపిన కొన్ని వారాలలోపు గాని నీళ్ళ విరేచనాలు మొదలైతే వెంటనే చెప్పండి. విరేచనాలు ఆగడానికి సొంతంగా మాత్ర వేయకండి.

ఆలస్యం చేయకూడని సమయాలు

నా మాటలు విని ఎవరూ మందు అంటేనే భయపడవద్దు. అవసరమైనప్పుడు యాంటీబయాటిక్ గంటల్లో పడాలి. నిమోనియా, రక్తంలో విషం చేరే సెప్సిస్ వంటి జబ్బుల్లో ఆలస్యం ప్రాణం తీస్తుంది. పెద్దవాళ్ళలో జ్వరం ఎక్కువగా కనబడదు. మామూలుగా 97 ఉండేవారికి 99 దాటినా అనుమానించాలి. వంద డిగ్రీలు దాటితే జ్వరమే.

ఒళ్ళు వణికించే చలి, నిమిషానికి పాతిక సార్లు గాని అంతకు మించి గాని ఊపిరి తీయడం, ఆయాసం, పెదవులు నీలం కావడం, పై బి.పి. వంద కన్నా పడిపోవడం, లేపినా లేవకపోవడం, ఉన్నట్టుండి మతి తప్పడం, రోజంతా మూత్రం రాకపోవడం. వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. కువైట్ నుంచి అబ్బాయి ఫోన్ ఎత్తేవరకు ఆగవద్దు. ఎవరిని అడగాలి, ఎక్కడికి తీసుకువెళ్ళాలి అనేది ముందే మాట్లాడుకుని ఆశ్రమంలో రాసి ఉంచండి.

రొయ్యకున్న తనిఖీ

మన ఐ. పోలవరం, కాట్రేనికోన వైపు రొయ్యల చెరువులు మీకు తెలుసు. విదేశాలకు వెళ్ళే రొయ్యల్లో నిషేధించిన యాంటీబయాటిక్ అవశేషం ఉందని తేలితే సరుకు వెనక్కి వస్తుంది. అందుకని రైతులు, కొనేవారు పరీక్షలు చేయిస్తారు. రొయ్య విషయంలో ఉన్న ఆ జాగ్రత్త మన అమ్మ నోట్లో వేసే మాత్ర విషయంలో మనకు ఉందా అండీ?

చట్టం అయితే ఉంది. 2014 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చిన హెచ్‌-1 షెడ్యూలు ప్రకారం కొన్ని శక్తివంతమైన యాంటీబయాటిక్ మందులను డాక్టరు చీటీ మీదే అమ్మాలి. రోగి పేరు, డాక్టరు పేరు షాపువారు పుస్తకంలో రాసి మూడేళ్ళు ఉంచాలి. 2016లో కేంద్ర ప్రభుత్వం ఎర్రగీత గురించి ప్రచారం చేసింది. మాత్రల అట్ట మీద నిలువుగా ఎర్రగీత ఉంటే డాక్టరు చెప్పనిదే వాడకూడదని అర్థం. దేశమంతటికీ ఒక కార్యాచరణ ప్రణాళిక 2017లో వచ్చింది. ఆ తరువాత సొంత ప్రణాళిక చేసుకున్న రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. కాని షాపులో నిలబడి "పోయినసారి ఇచ్చిందే ఇవ్వండి" అని అడిగేది మనమే అయినప్పుడు ఏ చట్టం మాత్రం ఏం చేస్తుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 నుంచి ఈ మందులను మూడు వరుసలుగా విడదీసింది. మొదటి వరుసవి మామూలు జబ్బులకు ముందుగా వాడేవి. రెండో వరుసవి జాగ్రత్తగా వాడేవి. మూడోవి వేరే దారి లేనప్పుడు మాత్రమే తీసేవి. మన ఇళ్ళల్లో రోజూ వాడే గిన్నెలు వంటింట్లో ఉంటాయి, పండక్కి తీసేవి బీరువాలో ఉంటాయి, బంగారం ఇనప్పెట్టెలో ఉంటుంది కదా, అలాగన్నమాట. "పవరున్న మందు వేయండి" అనడమంటే ఇనప్పెట్టె తెరవమనడమే. రేపు నిజంగా అవసరమైన రోజున అందులో ఏమీ మిగలదు.

మీరు చేయవలసినవి

డాక్టరు యాంటీబయాటిక్ రాసినప్పుడు వినయంగా నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది ఏ జబ్బుకండీ? ఎన్ని రోజులు వేయాలి? ఇప్పుడు వాడుతున్న మందులతో ఇబ్బంది ఉందా? రెండు రోజుల తరువాత మళ్ళీ చూస్తారా? అడిగితే కోప్పడతారని భయపడకండి. మంచి డాక్టరు సంతోషిస్తారు.

ఫోన్ చేసినప్పుడు "మందు వేశారా?" అని అడగడానికి ముందు "నీళ్ళు తాగుతోందా? అన్నం తింటోందా? విరేచనం అయిందా? మంట ఉందని అందా?" అని అడగండి. "రెండు రోజులు కనిపెట్టి చూద్దాం" అని నర్సు చెబితే, ఆమె ఏమీ చేయడం లేదని అనుకోకండి. జ్వరం, నాడి, ఊపిరి, బి.పి. పూటపూటకూ చూసి రాయడం కూడా వైద్యమే. ఆ కాగితం చూపించమని అడిగే హక్కు మీకుంది.

డాక్టరు చెప్పినన్ని రోజులు, చెప్పిన వేళకు మందు వేయించండి. కాస్త తగ్గిందని సొంతంగా ఆపవద్దు, మంచిదని సొంతంగా పొడిగించవద్దు. ఇప్పుడు చాలా జబ్బులకు తక్కువ రోజుల కోర్సులే చాలునని తేలింది. మిగిలిన మాత్రలు దాచి పక్కవారికి ఇవ్వవద్దు. ఒక చిన్న పుస్తకంలో ఏ నెలలో ఏ యాంటీబయాటిక్ వేశారో, ఏది పడలేదో రాసి పెద్దవారి దగ్గరే ఉంచండి. ఆసుపత్రి మారినప్పుడు ఆ పుస్తకం ఎంతో ఉపయోగపడుతుంది.

అసలు జబ్బే రాకుండా చూసుకోవడం అన్నిటికంటే మేలు. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్ళు తగ్గించమని డాక్టరు చెప్పనివారికి రోజంతా కొంచెం కొంచెంగా నీళ్ళు, మజ్జిగ, గంజి పట్టించాలి. అన్నం కూర్చోబెట్టి తినిపించాలి, తిన్న అరగంట వరకు పడుకోబెట్టకూడదు. పళ్ళు, నాలుక, కట్టుడు పళ్ళు రోజూ శుభ్రం చేస్తే నిమోనియా ముప్పు తగ్గుతుంది. మంచం పట్టినవారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. మూత్రం గొట్టం అవసరం తీరిన రోజునే తీయించాలి. ఫ్లూ, నిమోనియా టీకాల గురించి డాక్టరును అడగండి. మీకు జలుబు, జ్వరం ఉన్నప్పుడు చూడటానికి రాకండి. వచ్చినప్పుడు లోపలికి వెళ్ళేముందు, బయటికి వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోండి. మేము కడుక్కోకపోతే మమ్మల్ని కూడా అడగండి. నేనేమీ అనుకోను.

చివరి మాట

మంచి సమరయుని కథ మీకందరికీ తెలుసు. దారిలో గాయపడి పడి ఉన్న మనిషికి అతను కట్లు కట్టి, సత్రానికి తీసుకువెళ్ళి ఆ రాత్రి తానే చూసుకున్నాడు. మరునాడు సత్రం యజమానికి డబ్బిచ్చి అప్పగించాడు. ఎక్కువ ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానని చెప్పి వెళ్ళాడు. మనవారిని ఇంకొకరికి అప్పగించి వెళ్ళడం ప్రేమ లేకపోవడం కాదని ఆ కథ చూసి నేను ధైర్యం తెచ్చుకుంటాను. కాని అతను డబ్బుతో ఊరుకోలేదు, మళ్ళీ వస్తానన్నాడు.

మీరు దూరం నుంచి పంపే డబ్బుతో మేము మందు కొనగలం. అమ్మ సాయంత్రం నీళ్ళెందుకు మానేసిందో మాత్రం ఆమె మంచం పక్కన కాసేపు కూర్చుని అడిగినవారికే తెలుస్తుంది. వీలైనప్పుడల్లా రండి. రాలేనివారు ఫోన్‌లో ఆమెతోనే మాట్లాడండి. రాత్రిపూట ఎవరినైనా లేపడానికి మొహమాటపడవద్దని మీ నోటితో చెప్పండి. మేము చెప్పినదానికంటే మీరు చెబితే ఆమె వింటుంది.

ప్రభువు మీ పెద్దవారిని, వారిని చూసుకునే చేతులను దీవించును గాక.